మూడు మోతలకు కాలిన ఇల్లు

పురపాలక సంఘానికి ప్రజల ప్రాణాల మీద ఉన్నట్టుండి మమకారం పుట్టుకొచ్చింది. ఇలాంటిది పుట్టినప్పుడల్లా తమకు మూడుతుందని ఆ ఊరివాళ్ళకు అనుభవమే. కిందటేడు దోమల మీద యుద్ధం ప్రకటించి, వీధి వీధికీ పొగ కొట్టి, దోమల్ని వదిలేసి ఉబ్బసం వాళ్ళను ఆసుపత్రిలో చేర్పించారు. ఈ ఏడు నిప్పు మీద పడ్డారు. దానికి పెద్ద కారణం కూడా లేదు. కౌన్సిలర్లు పదకొండు మంది విజ్ఞానయాత్ర పేరుతో ఎక్కడో చల్లటి ఊరు చూసి వచ్చారు. అక్కడి హోటల్లో గది గదికీ కప్పున ఒక తెల్లటి గుండ్రటి పెట్టె ఉంది. వారిలో ఒకాయన మంచం మీద పడుకుని చుట్ట వెలిగిస్తే అది కెవ్వున అరిచింది, నలుగురు పరుగెత్తుకొచ్చారు. తనకోసం నలుగురు అలా పరుగెత్తుకు రావడం ఆయనకు ఎంతో నచ్చింది. తిరిగొచ్చిన వారంలోనే 'ధూమ సూచికల పథకం' తీర్మానమైపోయింది.

మొదటి విడతగా కొత్త కాలనీలో సంఘమే కట్టించి ఇచ్చిన తొంభై ఆరు ఇళ్ళను ఎంచుకున్నారు. పెట్టె ఎక్కడ బిగించాలో నియమావళిలో స్పష్టంగా రాసి ఉంది: 'పొగ వచ్చుటకు మిక్కిలి అవకాశమున్న చోట.' అందుకని తొంభై ఆరు వంటిళ్ళలోనూ సరిగ్గా పొయ్యి నెత్తిన బిగించారు. ఒకటి మోగితే ఆ కబురు తీగా తంతీ లేకుండానే ఆఫీసుకు చేరిపోతుంది. అక్కడ రిజిస్టరులో పడిపోతుంది.

ఆ తొంభై ఆరింటిలో నలభై రెండో నంబరు మంగతాయారుది.

మంగతాయారు పదిహేడేళ్ళు అద్దెకొంపల్లో బతికింది. భర్త గవర్రాజు టైలరు. ఇద్దరు పిల్లలు. ఒక ఇంటివాళ్ళు గోడకు మేకు కొట్టొద్దన్నారు. ఒకళ్ళు పొద్దుగూకాక కుళాయి తిప్పొద్దన్నారు. ఇంకొకావిడైతే మీ పిల్లలు మెట్ల మీద చెప్పులు చేత పట్టుకుని నడవాలంది. అందుకే సొంత ఇంటి తాళంచెవి చేతికి వచ్చిన రోజున ఆమె నలుగురిలోనూ భోరున ఏడ్చింది, ఏడ్చినందుకు సిగ్గుపడలేదు. ఇక జన్మలో నన్ను ఖాళీ చెయ్యమనేవాడు లేడు అనుకుంది. అలా అనేవాడు అప్పటికే ఆఫీసులో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడని పాపం ఆమెకు తెలియదు.

గృహప్రవేశం నాడే మొదటి మోత మోగింది. కొత్త ఇంట్లో పాలు పొంగించాలి కదా, పొంగించారు. గిన్నె అంచు దాటి పాలు బర్నరు మీద పడ్డాయి, మాడాయి. చుట్టాలంతా "పొంగాయి, పొంగాయి" అని సంబరపడుతుంటే నెత్తిమీద పెట్టె చెవులు చిల్లులు పడేలా అరిచింది. పురోహితుడు మంత్రం మధ్యలో ఆపేసి తన పంచె అంటుకుందేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాడు. గంటన్నర తర్వాత ఆఫీసు గుమస్తా నరసింగం స్కూటరు మీద వచ్చి, గుమ్మం బయటే నిలబడి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

"రండి బాబూ, భోజనం చేసి వెళ్దురుగాని," అంది మంగతాయారు.

"అగ్నిబాధితుల ఇంట భోజనం చెయ్యకూడదండమ్మా. రూలు ఒప్పదు," అన్నాడు నరసింగం. కానీ లడ్డూలు పొట్లం కట్టిస్తే రూలేమీ అడ్డురాలేదు.

అగ్నిబాధితులేమిటో ఆ సందడిలో ఎవరూ పట్టించుకోలేదు. ఆదివారం మంగతాయారు మామిడికాయ పప్పు చేసింది. నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిరపకాయలు నల్లబడుతుండగా ఇంగువ వేసింది. ఆ వాసనకు పక్కింటి వాళ్ళకు కూడా ఆకలి పుట్టింది. పెట్టెకు మాత్రం పూనకం వచ్చింది. ఈసారి నరసింగం ఒక నోటీసు తెచ్చి గవర్రాజు చేతిలో పెట్టాడు.

"మీ ఇల్లు మూడింట రెండొంతులు కాలిపోయిందండి. ఇకనుంచి జాగ్రత్తగా ఉండాలి మరి."

గవర్రాజు ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "ఏ రెండొంతులండీ?"

"ముందు గది, పడగ్గది. వంటిల్లు ఇంకా ఉంది," అన్నాడు నరసింగం చాలా మామూలుగా.

సంగతేమిటంటే, నియమావళిలో ఏడో నియమం ఇలా ఉంది: 'సూచిక మోగిన ప్రతి సందర్భమును అగ్నిప్రమాదముగా పరిగణించవలెను.' పదకొండో నియమం దానికి కొనసాగింపు: 'ప్రతి ప్రమాదమందును గృహములో మూడవ వంతు దగ్ధమైనట్లు భావించవలెను.' నష్టం ఎంతో తేల్చడానికి ఇంటింటికీ వెళ్ళి చూసే శ్రమ తప్పించడం కోసం ఎవరో మేధావి ఈ ఉపాయం కనిపెట్టాడు. మూడు మోతలు మోగితే ఇల్లు పూర్తిగా బూడిద. పెట్టె విప్పి పారేస్తే ఇంటికి తామే నిప్పు పెట్టినట్టు.

ఈ వార్త కాలనీలో పాకేసరికి ఆడవాళ్ళ గుండెలు గుభేలుమన్నాయి. పోపు లేని పప్పు ఎలా తింటారు? పోపు పెడితే ఇల్లు ఎలా నిలుస్తుంది? నాలుగు రోజులు చప్పిడి తిండి తిన్నాక వాళ్ళే ఒక దారి చూసుకున్నారు. గరిటెలో నూనె లోపల కాచి, ఆ సలసలకాగే గరిటె పట్టుకుని వీధిలోకి ఒక్క పరుగు తీసి, అక్కడ మిరపకాయలు వేసి, మళ్ళీ లోపలికి పరుగెత్తి పప్పులో కుమ్మరించేవాళ్ళు. పొద్దున్న పదకొండింటికి కాలనీలో చూడాలి, ఏ గుమ్మంలోంచి ఎవరు గరిటెతో దూసుకొస్తారో తెలియక సైకిళ్ళవాళ్ళు దిగి నడిపించుకుపోయేవారు. అలా పరుగెడుతూనే పక్కింటి బుల్లెమ్మ గడపకు తట్టుకుని పడింది. కాగిన నూనె ఒలికి మోచేతి దాకా బొబ్బలెక్కింది. ఆసుపత్రి చీటీ పట్టుకుని ఆఫీసుకు వెళితే, ఆ రోజు ఆ ఇంట్లో సూచిక మోగలేదు గనుక కాలినట్టు దాఖలా లేదని చెప్పి పంపేశారు. నెలాఖరున పట్టణంలో అగ్నిప్రమాదాలు సగానికి పైగా తగ్గాయని సంఘం తన వీపు తానే తట్టుకుంది.

బుల్లెమ్మ చెయ్యి చూశాక గవర్రాజుకు భయం పట్టుకుంది. తన భార్యకు అలా జరగకూడదని రెండు రోజులు ఆలోచించి, తనకు చేతనైన పనే చేశాడు. మిగిలిపోయిన లైనింగు గుడ్డతో పెట్టెకు ఒక టోపీ కుట్టాడు. అంచుకు ఎలాస్టిక్ వేసి, చక్కగా కాజా కూడా తీశాడు. స్టూలెక్కి తొడిగి, కిందకు దిగి, తల పక్కకు వంచి మురిసిపోయాడు.

ఆ పెట్టెకు కళ్ళు మూసేస్తే దట్టమైన పొగ కమ్మేసిందని లెక్క. టోపీ తొడిగిన అర నిమిషానికి ఆకాశం పగిలినట్టు మోగింది. ఆ సమయానికి పొయ్యి కూడా వెలిగించి లేదు.

"ఏం చేశారయ్యా మీరు?" అని మంగతాయారు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"కొలత సరిపోయిందే," అన్నాడు గవర్రాజు ఏడుపు గొంతుతో.

మర్నాడు నోటీసు వచ్చింది. నలభై రెండో నంబరు గృహం సంపూర్ణంగా దగ్ధమైనదనీ, ఆ నంబరును గృహముల జాబితా నుండి తొలగించడమైనదనీ, శిథిలములలో నివసించుట ప్రమాదకరము గనుక నెలలోగా ఖాళీ చేయవలెననీ అందులో ఉంది. ఖాళీ చేయవలెను అన్న మాట దగ్గర మంగతాయారు చూపు ఆగిపోయింది. ఆరిళ్ళలో ఆరుసార్లు విన్న మాట అది. ఒళ్ళు మండిపోయింది. చీర మార్చుకుని, తాళంచెవి చేత్తో పట్టుకుని, గవర్రాజును వెంటబెట్టుకుని తిన్నగా ఆఫీసుకు వెళ్ళింది.

అగ్నిభద్రతాధికారి పినాకపాణి గారు మర్యాదస్తుడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. తన నోటి నుంచి వచ్చే ప్రతి వాక్యం ఎక్కడో ఫైలులో అచ్చవుతోందన్నట్టు మాట్లాడతాడు.

"అమ్మా, తమ ఆవేదనను ఈ కార్యాలయము సానుభూతితో గమనించుచున్నది," అన్నాడు.

"ఆవేదన సంగతి తర్వాతండి. నా ఇల్లు కాలలేదండీ బాబూ. నిక్షేపంలా ఉంది. ఇదిగో తాళం. ఒక్కసారి వచ్చి కళ్ళారా చూడండి, పది నిమిషాల దారి."

"సంపూర్ణముగా దగ్ధమైన గృహములోనికి సిబ్బంది ప్రవేశించుట నిషిద్ధము. పైకప్పు కూలు ప్రమాదము కలదు."

"కప్పు కాలలేదు గదండీ కూలడానికి!"

"కాలలేదని తాము అనుచున్నారు. కాలినదని రికార్డు అనుచున్నది. తమరు ఒక్కొక్కసారి మాట మార్చి పలుకుదురు, రికార్డు ఎన్నడును మార్చి పలుకదు."

"మేం రాత్రి అందులోనే పడుకున్నామండి," అని గవర్రాజు నెమ్మదిగా అందుకున్నాడు.

పినాకపాణి గారి కళ్ళజోడు ముక్కు మీదకు జారింది. "శిథిలములలో నిదురించుచున్నారా? నరసింగం, వీరికి తక్షణ సహాయము మంజూరు చేయుము."

అలా వద్దు మొర్రో అంటున్నా వాళ్ళకు సహాయం అందింది. ఆ శనివారం కాలనీలో షామియానా వేసి, దంపతులిద్దరినీ నిలబెట్టి, రెండు దుప్పట్లు, ఒక బకెట్టు, బియ్యం సంచి, రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి ఇచ్చారు. ఫొటో తీసేవాడికి మాత్రం చిక్కొచ్చిపడింది. వెనక ఇల్లు పసుపుపచ్చ రంగుతో, మామిడి తోరణంతో కళకళలాడుతోంది. చివరికి కాలనీ చివర సంఘం వాళ్ళే రోజూ చెత్త తగలబెట్టే దిబ్బ దగ్గరకు తీసుకెళ్ళి, ఆ నల్లటి పొగ ముందు నిలబెట్టాడు. అక్కడ పెట్టె లేదు గనుక అది పొగ కిందకు రాదు.

"కొంచెం ఏడవండమ్మా," అన్నాడు ఫొటోగ్రాఫరు.

మంగతాయారుకు ఏడుపు రాలేదు. బకెట్టు తీసి ఎవరి నెత్తినైనా బోర్లించాలని మాత్రం బలంగా అనిపించింది.

ఆ తర్వాత మూడు వారాలు గవర్రాజు కుట్టుమిషను మూసేసి ఆఫీసు చుట్టూ తిరిగాడు. చెప్పులరిగాయి. ఇల్లు కాలలేదని ఒక ముక్క రాసి ఇమ్మని అతని మనవి. చివరికి పినాకపాణి గారికే జాలి వేసింది.

"చూడు నాయనా. గృహము కాలలేదని ధ్రువీకరించు ఫారము మా వద్ద లేదు. కాలిన గృహము పునర్నిర్మించబడినదని ధ్రువీకరించు ఫారము కలదు."

"అదిస్తే ఇల్లు ఉన్నట్టేగాండి?"

"నిస్సందేహముగా ఉన్నట్టే."

గవర్రాజు నెత్తిన పాలు పోసినట్టయింది. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టి, దారిలో పకోడీలు కొనుక్కుని ఇంటికొచ్చాడు. మంగతాయారు పకోడీ పక్కన పెట్టి కాగితం వెనక్కి తిప్పింది. అక్కడ చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది. పునర్నిర్మాణమునకు ముందు శిథిలములను తొలగించవలెను. ఆ పనిని సంఘమువారే ఉచితముగా చేయుదురు. గురువారం, ఉదయం పది గంటలకు.

"శిథిలాలంటే ఏంటండీ?" అంది, అర్థమైపోయిన గొంతుతో.

గవర్రాజు నాలుగు గోడల వంకా చూసి, గోడకు జారబడి కూర్చుండిపోయాడు.

బుధవారం ఆఫీసు మెట్ల మీద ఇద్దరూ సాయంత్రం దాకా కూర్చున్నారు. సంతకము చేసిన దరఖాస్తును వెనుకకు తీసుకొనుటకు ఫారము లేదన్నారు.

గురువారం పదింటికి జేసీబీ వచ్చింది. వెనకే జీపులో పినాకపాణి గారు, నరసింగం. కాలనీ జనమంతా ముక్కున వేలేసుకుని రోడ్డు మీద నిలబడ్డారు. మంచాలు, బీరువా, కుట్టుమిషను, దేవుడి పటాలు బయటకు చేరాయి. మంగతాయారు మాత్రం రాలేదు.

"ఆవిడగారిని బయటికి రమ్మనండి," అన్నాడు నరసింగం ఇబ్బందిగా.

కిటికీలోంచి జవాబు వచ్చింది. "పిల్లలు బడి నుంచి ఆకలితో వస్తారండి. పప్పు ఉడికింది. పోపు పెట్టుకుని వచ్చేస్తాను. ఆ తర్వాత మీ ఇష్టం, కూల్చుకుంటారో, నెత్తిన పెట్టుకుంటారో!"

ఆ ఇంట్లో అదే ఆఖరి వంట అనుకుంది. అందుకే ఇక పెట్టెకు భయపడలేదు. ఇన్నాళ్ళూ గరిటె పట్టుకుని వీధిలోకి పరుగెత్తిన కసి అంతా తీరేలా, నిండుగా నూనె పోసి, గుప్పెడు మిరపకాయలు వేసింది. వంటిల్లు ఘాటెక్కిపోయింది. పెట్టె గొంతు చించుకుంది. బయట జేసీబీ అప్పుడే చెయ్యి పైకెత్తింది.

"ఆపు! ఆపు!" అని నరసింగం రెండు చేతులూ ఊపుతూ అడ్డం పరుగెత్తాడు.

పినాకపాణి గారు జీపులోంచి నియమావళి తీయించి, పదహారో నియమం బిగ్గరగా చదివాడు. "సూచిక మోగుచున్నంతసేపు ప్రమాదస్థలమునకు వంద అడుగుల లోపల ఏ యంత్రమును ఉండరాదు." టేపు పెట్టి కొలిచారు. జేసీబీ డ్రైవరు వెనక్కి, వెనక్కి పోయి కాలనీ మలుపులో ఆగాడు.

మంగతాయారు గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. "ఏంటండీ, ఆపేశారు?"

"అగ్నిప్రమాదము జరుగుచున్నది," అన్నాడు పినాకపాణి గారు, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"ఎక్కడండీ?"

"తమ గృహమునందే."

"నా ఇల్లు అంతా కాలిపోయిందన్నారుగదండీ! బూడిదైపోయిన ఇంట్లో మళ్ళీ ఏం కాలుతుందండీ?"

పినాకపాణి గారు నియమావళి తిరగేశాడు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన్ను ఎవరూ నియమావళిలోంచే ప్రశ్న అడగలేదు. మోత మోగితే ప్రమాదం. అందులో తిరుగులేదు. ప్రమాదమంటే కాలడం. కాలాలంటే...

"కాలుటకు ఏదో ఒకటి ఉండవలెను," అన్నాడు చివరకు, తుమ్ముతూ.

"అయితే నా ఇల్లు ఉన్నట్టేనా?"

"ప్రస్తుతము ఉన్నది."

"ఎంతసేపుంటుందండీ?"

"మోగుచున్నంతసేపు," అన్నాడు పినాకపాణి గారు. ఆ మాట పూర్తయ్యేసరికి గుమ్మంలో మంగతాయారు లేదు. లోపల మళ్ళీ నూనె చిటపటలాడింది.

కాలనీకి సంగతి అర్థం కావడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అందరికంటే ముందు బుల్లెమ్మ, కట్టు కట్టిన చేత్తోనే మిరపకాయల డబ్బా పట్టుకుని లోపలికి దూరింది. ఆ వెనక ఇంకో నలుగురు. ఒకరు దగ్గలేక బయటపడితే ఇంకొకరు ముఖానికి తడిగుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళారు. ఇంటింటి నుంచీ ఎండుమిరపకాయలు వచ్చాయి, ఆవాలు వచ్చాయి, ఇన్నాళ్ళుగా మూతతీయని ఇంగువ డబ్బాలు వచ్చాయి. సహాయం కింద వచ్చిన రెండు బర్నర్ల పొయ్యిని కూడా గవర్రాజు వెలిగించి ఇచ్చాడు. పోపు మీద పోపు. పెట్టె ఒక్క క్షణం ఊపిరి తీసుకోవడం, డ్రైవరు ఇంజను స్టార్టు చేయడం, ఇంకో గుప్పెడు మిరపకాయలు పడటం, డ్రైవరు ఇంజను ఆపేయడం. నాలుగింటికి పిల్లలొచ్చి బుల్లెమ్మ అరుగు మీద కూర్చుని పప్పన్నం తిన్నారు. ఆ కమ్మటి వాసనకు ఉండబట్టలేక డ్రైవరు కూడా దిగొచ్చి ఒక ముద్ద పెట్టించుకున్నాడు.

అయిదయింది. యంత్రానికిచ్చిన అనుమతి ఆ ఒక్క రోజుకే. జేసీబీ వెళ్ళిపోయింది. పినాకపాణి గారు ఎర్రబడ్డ కళ్ళతో జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని, తుమ్ముకూ తుమ్ముకూ మధ్య ఉత్తర్వు చెప్పి రాయించాడు. గవర్రాజు దాన్ని అందరికీ వినబడేలా చదివాడు.

నలభై రెండో నంబరు గృహము ఏడు గంటలపాటు నిరాఘాటముగా కాలినది. కాలినందున ఉన్నట్లు రుజువైనది. ఇంతవరకు మొత్తము మూడింట నాలుగు వంతులు దగ్ధమైనప్పటికిని, గృహము ఉన్నదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.

జనం ఈలలు వేశారు. గవర్రాజు ఆనందం పట్టలేక బీరువా ఒక్కడే ఎత్తబోయాడు. మంగతాయారు చేతులు కడుక్కుని వచ్చి, కాగితం అతని చేతిలోంచి తీసుకుంది. గవర్రాజు కాగితాలు ఎలా చదువుతాడో ఆమెకు ఇప్పుడు తెలుసు. వెనక్కి తిప్పి చూసింది. కింద ఒక వరుస ఉంది: 'ఈ ధ్రువపత్రము ముప్పది దినములు మాత్రమే చెల్లును. గడువు ముగియునాటికి గృహము కాలుచున్నట్లు మరల రుజువు చూపవలెను.'

ఆమెకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ఒంట్లో ఓపిక అయిపోయింది. బయట పెట్టిన సామాన్లలోంచి కాలెండరు వెతికి తెచ్చి మేకుకు తగిలించింది. వేళ్ళ మీద ముప్పై రోజులు లెక్కపెట్టి, వచ్చే నెలలో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి, పక్కన రాసుకుంది: ఎండుమిరపకాయలు, రెండు కిలోలు.